నిద్రపోతూ వినే రేడియోలు

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు తీరానికి దగ్గరగా గ్రేట్ డక్ అనే చిన్న దీవి ఉంది. అక్కడ స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపు పక్షులు నేలలో బొరియలు చేసుకొని గుడ్లు పెడతాయి. మనుషులు మాటిమాటికీ వచ్చి బొరియల్లో చెయ్యి పెట్టి చూస్తే పక్షులు బెదిరి గూడు వదిలి పోవచ్చు. అందుకని 2002లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు, మరికొందరు కలిసి ఆ దీవిలో అరచేతిలో ఇమిడే పరికరాలు 32 అమర్చారు. అవి వేడినీ, తేమనూ కొలిచి, పక్షి లోపల ఉన్నదీ లేనిదీ దాని ఒంటి వేడిని బట్టి పసిగట్టి, రేడియో ద్వారా కబురు పంపేవి.

ఇలాంటి పరికరాలకు చాలావరకు రెండు పెన్సిల్ సెల్లులే ఆధారం. సెల్లులు అయిపోతే మళ్ళీ బొరియ దగ్గరకు నడవాలి. అది వద్దనే కదా పరికరం పెట్టింది!

సెల్లులు దేనివల్ల త్వరగా అయిపోతాయో చెప్పండి చూద్దాం. 'కబురు పంపడంవల్ల' అంటారేమో. ఈ పరికరాల్లో బాగా వాడిన సిసి2420 అనే రేడియో చిప్పును చూడండి. పూర్తి బలంతో కబురు పంపేటప్పుడు దానికి 17.4 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు కావాలి. వింటున్నప్పుడు 18.8! మాట్లాడటం కంటే వినడానికే ఖర్చెక్కువ. ఎవరూ మాట్లాడకపోయినా, చెవి ఒగ్గి కూర్చున్నంతసేపూ అదే ఖర్చు. 2500 మిల్లీ ఆంపియర్-గంటల సెల్లులు వేస్తే (రెండింటిని వరుసగా కలిపితే వోల్టులే పెరుగుతాయి, ఈ అంకె పెరగదు) ఐదున్నర రోజుల్లో ఖాళీ. అదే రేడియోను నూరింట ఒక వంతు కాలమే తెరిచి ఉంచితే, తక్కిన ఖర్చులు వదిలేస్తే, ఏడాదిన్నర వస్తాయి.

కాబట్టి రేడియో నిద్రపోవాలి. నిద్రలో ఉండగా పక్క పరికరం పిలిస్తే? మాట వృథా. పైగా ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తరంగాలు కలగాపులగమై రెండు కబుర్లూ చెడతాయి. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు వినాలో నిర్ణయించే నియమాలనే మాధ్యమ ప్రవేశ ప్రోటోకాల్ అంటారు.

2002లో వచ్చిన ఎస్-మాక్ అనే పద్ధతిలో ఇరుగుపొరుగు పరికరాలు ఒకే వేళకు లేచి, ఒకే వేళకు పడుకుంటాయి. బడి గంటలాగన్నమాట. కాని చౌక గడియారాలు ఒకదానితో ఒకటి తేడా పడుతుంటాయి. వాటిని తరచు సరిచేసుకోవాలి. అందుకూ కబుర్లే కావాలి.

2004లో వచ్చిన బి-మాక్ గంటనే తీసేసింది. ప్రతి పరికరం తన ఇష్టమొచ్చినప్పుడు లేచి, రెప్పపాటు విని, అలికిడి లేకపోతే మళ్ళీ నిద్రపోతుంది. కబురు చెప్పవలసినవాడు ముందుగా, అవతలివాడి నిద్ర ఎంతసేపో అంతసేపూ, ఆపకుండా పిలవాలి. అప్పుడు వాడు ఎప్పుడు లేచినా పిలుపు చెవిన పడుతుంది. నాకిది మహా తెలివైన ఏర్పాటుగా తోస్తుంది. లోపం లేకపోలేదు: పిలుపు ఎవరికోసమో తెలియక చుట్టుపక్కల వాళ్ళంతా మేలుకొని కూర్చుంటారు. 2006 నాటి ఎక్స్-మాక్‌లో పిలుపును చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కలోనూ పేరు చేర్చారు. పేరు తనది కానివాడు వెంటనే పడుకుంటాడు. తనదైనవాడు 'వింటున్నా' అని మధ్యలోనే జవాబిస్తాడు, పిలుపు అక్కడితో ఆగుతుంది.

బి-మాక్‌లో నిద్ర ఎంతసేపుండాలి? లెక్క మీరే వేయండి. లేచినప్పుడల్లా 2 మిల్లీసెకన్లు వినాలనుకోండి. సెకనుకు 10 సార్లు లేస్తే వినడానికి సెకనుకు 20 మిల్లీసెకన్లు, ఒక్కొక్క పిలుపుకు 100. సెకనుకు ఒక్కసారే లేస్తే వినడానికి 2, పిలుపుకు 1000. ఐదు నిమిషాలకొక కబురు పంపే పరికరం మొదటి పద్ధతిలో 6.1 సెకన్లు మేలుకొని ఉంటుంది, రెండవ దానిలో 1.6 సెకన్లే. పది సెకన్లకొక కబురైతే మొదటిదే మేలు. ఎన్ని సెకన్లకొక కబురు పంపితే రెండు పద్ధతులూ సమానమౌతాయి? 50 వస్తే మీ లెక్క సరైనదే.