ముహూర్తాలు లేని నెలల్లో కెమెరా ఎక్కడుంచాలి?

ఆషాఢం వస్తే పెళ్ళిళ్ళు ఉండవు. కొన్నేళ్ళు దానికి ముందో వెనకో మూఢం కూడా తోడవుతుంది. పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు ఆ రోజుల్లో లెన్సులు తుడిచి, సంచిలో సర్ది, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. నైరుతి వానలు ఊపందుకునేదీ అప్పుడే. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి ఊళ్ళలో ఇంట్లో గాలిలో తేమ రోజుల తరబడి 70 శాతం పైనే నిలిచి ఉంటుంది. శ్రావణంలో మొదటి ముహూర్తానికి లెన్సు బయటికి తీసి చూస్తే, లోపలి అద్దం మీద సన్నటి తెల్లని పోగులు అల్లుకుని కనిపిస్తాయి. ఫంగస్ పట్టేసింది.

రోజూ పనికి వెళ్ళే లెన్సుకు ఈ తెగులు అరుదు. చీకటి, కదలని గాలి, తేమ ఈ మూడూ కలిసిన చోటే బూజు పెరుగుతుంది. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఆపడం మన చేతిలో లేదు. తేమను ఆపడం మాత్రం మన చేతిలోనే ఉంది. అందుకే ఇక్కడ చెప్పేదంతా పని లేకుండా ఇంట్లో ఉన్న కెమెరా గురించి. ముందు చేయకూడనివి చెబుతాను. భద్రమని నమ్మి చేసే పనుల వల్లే ఎక్కువ లెన్సులు పాడవుతున్నాయి.

చేయకూడనివి

కెమెరా సంచిలో నెలల తరబడి ఉంచకండి. సంచి మోసుకెళ్ళడానికి, దాచడానికి కాదు. అందులో దెబ్బ తగలకుండా వేసిన స్పాంజి, గుడ్డ లైనింగు తేమను పీల్చి పట్టుకుంటాయి. వానలో రిసెప్షన్ నుంచి వచ్చి ఆ సంచిని అలాగే మూసేస్తే లోపల గాలి ఎన్నాళ్ళకూ ఆరదు. లెన్సుతో పాటు కంపెనీవాళ్ళిచ్చిన తోలు కేసు చూడ్డానికి ఎంత బాగున్నా దీనికి మినహాయింపు కాదు. తోలుకే బూజు ముందు పడుతుంది.

బీరువాలో కలరా ఉండల పక్కన పెట్టకండి. పట్టుచీరలున్న అరే ఇంట్లో అన్నిటికంటే భద్రమైన చోటని కెమెరాను అక్కడే పెట్టేవాళ్ళు చాలామంది. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఆవిరై, ఆ ఆవిరి చుట్టూ ఉన్న వస్తువుల మీద పొరగా పేరుకుంటుంది. అద్దం పూతకూ ప్లాస్టిక్‌కూ అది మంచిది కాదు. నాఫ్తలీన్, కర్పూరం ఉండలు ఉన్న చోట కెమెరా ఉంచవద్దని నికాన్ తన కెమెరాలతో ఇచ్చే పుస్తకంలోనే రాస్తుంది. తేమ 60 శాతం దాటే చోటు, గాలి ఆడని చోటు కూడా వద్దని ఆ పక్కనే ఉంటుంది. వానాకాలంలో మన బీరువాకు ఈ మూడు దోషాలూ ఉన్నాయి.

బయటి గోడకు, బాత్రూమ్ గోడకు ఆనించిన అల్మారా వద్దు. పైఅంతస్తు ఇళ్ళలో స్లాబు కింద ఉండే అటక అంతకన్నా వద్దు. స్లాబు కారితే ముందు తడిసేది అక్కడున్నవే.

బియ్యం డబ్బాలో పెడితే తేమ లాగేస్తుందన్నది వట్టి నమ్మకం. బియ్యం పీల్చే తేమ చాలా తక్కువ. తవుడు, పిండి ధూళి మాత్రం జూమ్ రింగు సందుల్లోకి దూరుతుంది.

ఫంగస్ చావాలని లెన్సును ఎండలో పెట్టకండి. మన వేసవి ఎండకు లెన్సు లోపలి గ్రీజు పలచబడి, నూనెగా జారి అపర్చర్ రేకుల మీదికి చేరే ప్రమాదం ఉంది. ఇంకొక పెద్ద ప్రమాదం కూడా ఉంది. క్యాపు లేని లెన్సు మీద సూర్యకాంతి పడితే అది భూతద్దం పని చేస్తుంది. కిటికీ పక్కన బల్ల మీద క్యాపు లేకుండా వదిలేస్తే కర్టెనో కాగితమో కాలవచ్చు. బాడీకి తగిలించి ఉంటే షట్టరు తెర, సెన్సరు కాలవచ్చు. మిర్రర్‌లెస్ కెమెరా వ్యూఫైండర్ ఎండకేసి ఉన్నా అంతే, లోపలి చిన్న తెర మాడిపోతుంది. కాబట్టి ఇంట్లో ఉన్నంతసేపూ ముందు క్యాపు, వెనక క్యాపు, బాడీ క్యాపు మూడూ ఉండాలి.

పంచె అంచుతోనో చీర కొంగుతోనో తుడవకండి. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పడుతుంది. వేలిముద్రల జిడ్డు, ఉమ్మి, దుమ్ము ఇవే బూజుకు తిండి. దాచే ముందు లెన్సును శుభ్రంగా ఉంచమనేది అందుకే. రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఎగరగొట్టాకే మెత్తటి లెన్సు గుడ్డ తగలాలి. ద్రవం వాడితే గుడ్డ మీద వేయండి, అద్దం మీద కాదు. భీమిలి తీరంలో ప్రీవెడ్డింగ్ షూటింగు చేసి వచ్చారా? మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ, లెన్సు గొట్టం, ట్రైపాడ్ కాళ్ళు తుడిచి, ఆరాకే లోపల పెట్టండి. ఉప్పుకు తేమ లాగే గుణం ఉంది, ఒక రాత్రి అలా వదిలేసినా స్క్రూలు తుప్పు పట్టవచ్చు.

చేయవలసినవి

మొదట గాలిలో తేమను కొలిచే ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొనండి. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. ఇది లేకుండా తక్కినవన్నీ గుడ్డిగా చేసినట్టే. అయితే చవక మీటర్లు పది శాతం దాకా తప్పు చూపించినా ఆశ్చర్యం లేదు. అందుకే దాన్ని వంటింటి ఉప్పుతో సరిచూసుకోవాలి. ఒక సీసా మూతలో రెండు చెంచాల మెత్తటి ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కలు చుక్కలుగా నీళ్ళు కలపండి. ఉప్పు కరిగి నీళ్ళు తేలకూడదు. ఆ మూతనూ మీటరునూ జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో, ఉప్పు మీటరుకు తగలకుండా పెట్టి మూసి, రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి మీటరు 75 చూపాలి. 70 చూపితే అది 5 తక్కువ చెబుతోందని దాని వెనక రాసి అతికించండి. తేమను అదుపులో ఉంచే కరెంటు పెట్టెకు, అంటే డ్రై క్యాబినెట్‌కు బిగించి వచ్చే మీటర్ల మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. ఇలా సరిచూసిన మీటరు ఒకటి లోపల పెట్టుకోవడమే మేలు.

మీటరు 40, 50 మధ్య చూపుతుంటే లెన్సులకు అంతకన్నా మంచి వాతావరణం అక్కర్లేదు. 60 దాటి రోజుల తరబడి ఉంటే బూజుకు దారి తీసినట్టే. మరీ పొడి కూడా మంచిది కాదు. 30 కంటే దిగితే కాలక్రమంలో రబ్బరు పట్టీలు, గ్రీజు ఎండిపోవచ్చు. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం గాలే 30 కిందకి వస్తుంది. ఆ నెలల్లో అక్కడివాళ్ళు తేమ పీల్చే సిలికా జెల్ కుప్పలు పోయనక్కర్లేదు. ఏ సలహా అయినా మీ ఊరి గాలిని బట్టి తీసుకోవాలి.

రెండు మూడు లెన్సులున్నవాళ్ళకు డ్రై క్యాబినెట్ అవసరం లేదు. మూతకు రబ్బరు పట్టీ, నాలుగు వైపులా క్లిప్పులు ఉన్న ప్లాస్టిక్ డబ్బా చాలు. డబ్బా సరిగా మూసుకుంటుందో లేదో తెలియాలంటే మూత కింద కాగితం పట్టీ ఒకటి పెట్టి మూసి లాగండి. తేలిగ్గా జారి వచ్చేస్తే ఆ వైపు గాలి పోతున్నట్టే. మామూలు స్టీలు డబ్బాలు దీనికి పనికిరావు.

లోపల సిలికా జెల్ వేయండి. నారింజ రంగు గుళికలు కొనండి, తేమ పీల్చుకున్నాక అవి ముదురు ఆకుపచ్చ అవుతాయి. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషపదార్థం. పిల్లలున్న ఇంట్లో ఆ రకం అసలు వద్దు. బూట్ల పెట్టెలో వచ్చే చిన్న పొట్లం ఒకటి పడేస్తే మొక్కుబడి తప్ప ప్రయోజనం ఉండదు. 20 లీటర్ల డబ్బాకు పావుకిలో దాకా కావాలి. గుడ్డ సంచిలో కట్టి వేయండి, విడి గుళికలు లెన్సుల మీద దొర్లకూడదు, వాటి పొడి లోపల రాలకూడదు. రంగు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్ళీ పనికొస్తాయి. ఉత్త ఎండకు ఆ వేడి రాదు. వేడి చేసే పళ్ళెం వంటకు వాడేది కాకూడదు, ఓవెన్‌లో ఆ సమయంలో తిండి వస్తువేదీ ఉండకూడదు. మూత పెట్టి చల్లారనిచ్చాకే డబ్బాలో వేయండి.

లక్షల సామాను ఉన్నవాళ్ళకు డ్రై క్యాబినెట్ ఖర్చు ఖర్చే కాదు. తేమను 45 శాతం దగ్గర పెట్టి వదిలేయండి. వెనక గోడకు జానెడు ఎడం ఉంచండి. బరువైన టెలిఫొటో లెన్సులు కింది అరలో, చిన్నవి పైన. తడి పట్టీలు, సంచులు లోపల పెట్టకండి. ఏసీ గది ఉంది కదా, ఇదెందుకని అడుగుతారు కొందరు. ఏసీ ఆపిన కాసేపటికే బయటి తేమ గదిలోకి వచ్చేస్తుంది. పైగా చల్లటి లెన్సును ఒక్కసారిగా ఉక్కపోతలోకి తెస్తే అద్దం మీద నీరు పడుతుంది. సంచిలోనే మూసి ఉంచి, బయటి వేడికి అలవాటు పడ్డాక తెరవండి.

నెలకోసారి అన్నిటినీ బయటికి తీయండి. కెమెరా ఆన్ చేసి నాలుగైదు సార్లు షట్టరు నొక్కండి, జూమ్, ఫోకస్ రింగులు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. ఆ తర్వాత టార్చి పరీక్ష. గది దీపాలు ఆర్పి, లెన్సు రెండు క్యాపులూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వెలుతురు కాస్త వాలుగా పంపి, ముందు నుంచి చూడండి. వెలుతురు నేరుగా కంట్లో పడితే ఏమీ కనిపించదు. పాత నికాన్ ఎఫ్ మౌంట్ లెన్సయితే వెనకున్న చిన్న మీటను నెట్టి పట్టుకుంటేనే రేకులు తెరుచుకుంటాయి. విడివిడి చుక్కలు కనిపిస్తే అది దుమ్ము, దాని గురించి బెంగ వద్దు, ఫొటోలో కనిపించదు. అద్దమంతా ఒకే తీరు మసక ఉంటే అది లోపలి గ్రీజు ఆవిరి పొర కావచ్చు. ఒక బిందువు నుంచి కొమ్మలుగా చీలుతూ పోగులు పాకితే అదే ఫంగస్. తరచుగా అద్దం అంచు దగ్గర మొదలవుతుంది, అక్కడే వెతకండి.

మొదటి దశలో దొరికితే అనుభవమున్న మెకానిక్ విప్పి తుడిచి ఇస్తాడు. ఆలస్యం చేస్తే ఫంగస్ విడిచే ఆమ్లం పూతను, తర్వాత అద్దాన్నీ తినేస్తుంది. ఆ మచ్చ ఇక పోదు. ఫంగస్ ఉన్న లెన్సును బాగు చేయించేదాకా తక్కినవాటితో ఒకే డబ్బాలో ఉంచకండి.

బ్యాటరీలు, ఫ్లాష్

వీటిని లెన్సుల కంటే జాగ్రత్తగా చూడాలి. లెన్సు పాడైతే డబ్బు పోతుంది, బ్యాటరీ కాలితే ఇల్లే అంటుకోవచ్చు. ఖాళీ నెలల్లో కెమెరా లోంచి బ్యాటరీ తీసేయండి. లిథియం బ్యాటరీని పూర్తిగా నింపి కాకుండా, పూర్తిగా ఖాళీ చేసీ కాకుండా సగం చార్జితో చల్లటి చోట ఉంచండి. కొసలకు ప్లాస్టిక్ మూత ఉండాలి. తాళంచెవులు, చిల్లర ఉన్న జేబులో విడిగా వేస్తే షార్టవుతుంది. పరుపు మీద చార్జింగ్ పెట్టకండి, నిద్రపోయే ముందు పెట్టకండి. ఉబ్బిన బ్యాటరీని చార్జరులో పెట్టడం, గుచ్చడం, చెత్తబుట్టలో వేయడం మూడూ ప్రమాదమే. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇవ్వండి.

ఫ్లాష్‌లో పెన్సిల్ సెల్స్ వదిలేస్తే కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొడి కడుతుంది. అది క్షారం, వట్టి చేత్తో గీకకండి. ఫ్లాష్‌ను మాత్రం నెలకోసారి సెల్స్ వేసి నాలుగుసార్లు వెలిగించాలి, లేకపోతే లోపలి కెపాసిటర్ బలం తగ్గుతుంది. పాడైందని మీరే విప్పకండి. స్విచ్చి ఆపినా ఆ కెపాసిటర్‌లో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక విశాఖలో చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు డ్రై క్యాబినెట్ ఉత్త పెట్టె అయిపోతుంది. తీరప్రాంతంలో ఉన్నవాళ్ళు వేడి చేసి ఉంచిన సిలికా జెల్ కిలో అయినా గాలి చొరని డబ్బాలో సిద్ధంగా పెట్టుకోవాలి. కరెంటు పోగానే ఆ సిలికా జెల్‌ను గుడ్డ సంచుల్లో క్యాబినెట్‌లో వేసి, తలుపు మళ్ళీ మళ్ళీ తెరవకుండా ఉంచాలి.

వరద సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ అజిత్‌సింగ్ నగర్ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు సామాన్లు సర్దుకునే వ్యవధి కూడా చాలామందికి దొరకలేదు. పల్లపు పేటల్లో కింది అంతస్తులో ఉండేవాళ్ళు క్లిప్పుల డబ్బాను ఎప్పుడూ నడుం ఎత్తుకు పైనే, ఒక్క చేత్తో ఎత్తుకుపోగలిగేంత బరువుతోనే ఉంచుకోవాలి. ప్రతి బాడీ, లెన్సు మీది సీరియల్ నంబరు ఫొటో తీసి, బిల్లు ఫొటోతో పాటు ఫోనులోనూ ఈమెయిల్‌లోనూ దాచండి. దొంగతనమైనా, బీమా క్లెయిమైనా మొదట అడిగేది ఆ నంబరే.

నీళ్ళలో మునిగిన కెమెరాను పని చేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేయకండి. వెంటనే బ్యాటరీ, కార్డు తీయండి. పైన బురద ఉంటే మంచినీటి గుడ్డతో తుడిచి సర్వీసుకు పంపండి. హెయిర్ డ్రయ్యర్ పట్టకండి, తేమ ఇంకా లోపలికి పోతుంది. మునిగిన బ్యాటరీ ఆరి మామూలుగా కనిపించినా చార్జింగ్ పెట్టకండి, ఇంటి బయట, మండే వస్తువులకు దూరంగా ఉంచి ఈ-వేస్ట్‌కు ఇచ్చేయండి. కార్డును మాత్రం పూర్తిగా ఆరబెట్టి చూడండి. అందులోని ఫొటోలు చాలాసార్లు తిరిగి దొరుకుతాయి.