టైపు తప్పు – దిద్దుబాటు విధానము

టైపు చేయువారికి తప్పులు దొర్లుట సహజము. కాని ఆ తప్పును ఎట్లు దిద్దితిమన్నదే మన పనితనమునకు గీటురాయి. కంప్యూటరు రాకమునుపు కార్యాలయములలో ఈ విద్య ఎట్లుండెడిదో పరిశీలింతము.

కాగితము యంత్రములో ఉండగానే ఒకసారి చదువుకొనవలెనన్నది మొదటి సూత్రము. బయటికి తీసిన కాగితమును మరల ఎక్కించి, అదే వరుసలో అదే అక్షరమునకు సరిపెట్టుట మిక్కిలి కష్టము. తప్పు కనబడినచో క్యారేజిని ప్రక్కకు జరిపి, ఆ పిదపనే రబ్బరుతో చెరపవలెను. లేనిచో రబ్బరు పొడి లోపల పడి అక్షరముల కడ్డీలకు అడ్డుపడును. టైపు చేయునపుడు తెలుగు యంత్రములో క్యారేజి ఎడమకు, ఉర్దూ యంత్రములో కుడికి సాగును; అయినను ఈ జాగ్రత్త రెండింటికిని ఒక్కటే.

కార్బను ప్రతులున్నప్పుడు పని మరింత సున్నితము. పై కాగితమునకును కార్బనుకును నడుమ దళసరి అట్టముక్క నుంచి చెరపవలెను. లేనిచో క్రింది ప్రతిపై మసి అంటును. అట్లే ప్రతి నకలును వేరువేరుగ దిద్ది, అట్టముక్కలను తీసివేసిన పిదపనే సరియైన అక్షరము కొట్టవలెను. ఒక పింఛను ఉత్తర్వులో 1,500 అని పడిన తప్పును పై ప్రతిలో మాత్రమే 1,050గా దిద్దితిమనుకొందము. పింఛనుదారుని చేతిలో ఒక అంకె, దస్త్రములో మరొక అంకె నిలుచును. ఏండ్లు గడచిన పిదప ఏది నిజమని తేల్చుట ఎట్లు?

రబ్బరు బాధను తప్పించినది తెల్లరంగు. అమెరికాలోని డల్లాస్ నగరమున బ్యాంకు కార్యదర్శిగా పనిచేసిన బెట్టీ నెస్మిత్ గ్రహామ్, చిత్రకారులు తప్పును చెరపక దానిపై మరల రంగు వేయుట గమనించి, ఆ ఉపాయమునే టైపు కాగితమునకు అన్వయించినది. 1956లో ఆమె ఆ ద్రవమును అమ్మనారంభించినది. 'లిక్విడ్ పేపర్' అను పేరుతో వృద్ధిచెందిన ఆ సంస్థను 1979లో జిల్లెట్ కంపెనీ 4 కోట్ల 75 లక్షల డాలర్లకు కొన్నది.

అయితే దస్తావేజులలో ఈ తెల్లరంగు పనికిరాదు. అక్కడ తప్పుపై ఒక్క గీత గీసి, పాత మాట కనబడునట్లుంచి, సరియైన మాట వ్రాసి, ప్రక్కన పొడి అక్షరములతో సంతకము చేయుట పద్ధతి. ఏమి మారినదో, ఎవరు మార్చిరో చదువరికి తెలియవలెను గదా!

నేడు కంప్యూటరు తెరపై ఒక్క మీటతో తప్పు మాయమగుచున్నది. కాని ఇతరులకు అందిన ప్రతిలోని తప్పు దానంతట అది మాయము కాదు. కనుక విద్యార్థులమైన మనము పంపుటకు ముందు చదువుట, దిద్దినచో అన్ని ప్రతులలోను దిద్దుట, దిద్దితిమని చెప్పుట అను మూడు అలవాట్లను టైపు యంత్రము నుండి నేర్చుకొందము.