జనరల్ బజార్‌లో కానుకలు: చేయవలసినవి, చేయకూడనివి

డిసెంబరు సగం నుంచి సంక్రాంతి దాకా సికింద్రాబాద్ జనరల్ బజార్‌కు వచ్చే ఒక రకం కొనుగోలుదారులను దుకాణాలవాళ్ళు గడప తొక్కకముందే గుర్తుపడతారు. కాళ్ళకు స్పోర్ట్స్ షూ, చేతిలో నీళ్ళ సీసా, పక్కన మేనత్తో పిన్నో, ఫోన్‌లో పొడుగాటి జాబితా. డల్లాస్‌కో లియోన్‌కో తిరుగు ప్రయాణం ఎల్లుండే. ఆఫీసులో పైఅధికారికి ఒకటి, పక్కింటి ఫ్రెంచావిడకు ఒకటి, వియ్యపురాలికి కాస్త ఘనంగా ఇంకొకటి కొనాలి. ప్యారిస్‌లో మూడు రోజులు తిరిగినవాళ్ళు ఆఖరి రోజు సాయంత్రం అత్తరు సీసాల మీద, సిల్కు స్కార్ఫుల మీద ఎలా పడతారో ఇక్కడా అంతే. ఆ తొందరలో ఖరీదైన వస్తువు కొంటే అసలు, నకిలీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఈ జాగ్రత్తలు ఆ ఎల్లుండి ప్రయాణంవాళ్ళకు, వాళ్ళ వెంట వెళ్ళే మేనత్తలకు.

ముందు దారి సంగతి. ఎంజీ రోడ్డు (పాతవాళ్ళ నోట ఇప్పటికీ జేమ్స్ స్ట్రీటే), దాన్ని ఆనుకుని జనరల్ బజార్ సందులు, ఆ పక్కన పాట్ మార్కెట్. ముత్యాలు, బంగారం, వెండి, పట్టు అన్నీ నడిచి తిరిగే దూరంలోనే దొరుకుతాయి.

చేయకూడనిది: "మంచి ముత్యాల షాపుకు తీసుకెళ్ళు బాబూ" అని ఆటో డ్రైవర్‌ను అడగడం. అతను తీసుకెళ్తాడు. అతనికి ముట్టే కమీషన్ మీ బిల్లులోనే కలుస్తుంది.

చేయవలసినది: కారును సందుల్లోకి తేకుండా మెట్రోలో ప్యారడైజ్ దగ్గరో సికింద్రాబాద్ వెస్ట్ దగ్గరో దిగి నడవడం. మొదటి గంటలో ఏమీ కొనకుండా మూడు నాలుగు దుకాణాల్లో ధర అడిగి రావడం కూడా. రెండోసారి అడిగేటప్పటికి మనకు వచ్చే ధైర్యం వేరు.

ముత్యాలు

ముత్యాల నగరం అన్న పేరు వినగానే ఇక్కడెక్కడో ముత్యాలు పండుతాయనుకుంటారు బయటివాళ్ళు. నిజాంల కాలంలో అవి గల్ఫ్ సముద్రం నుంచి వచ్చాయి, బస్రా రేవు పేరుతో. ఏడు పేటల బస్రా ముత్యాల సత్‌లడా ఆ నిజాం నగల్లోదే. భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలిచ్చి కొన్న 173 వస్తువుల్లో అదొకటి, రిజర్వ్ బ్యాంకు భద్రతలో ఉంది. ఇప్పుడు దుకాణాల్లో మనం చూసేవి చాలావరకు చైనా మంచినీటి చెరువుల్లో ఆల్చిప్పల్లో పెంచిన ముత్యాలు. ఇక్కడికి వచ్చాక వాటికి బెజ్జం వేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరిచి, ఎండ చూపించి, సైజుల వారీగా ఏరి, దండలు గుచ్చుతారు. హైదరాబాద్ పనితనమంతా ఆ బెజ్జంలో, ఆ ఏరికలో ఉంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చెరువు ముత్యాన్ని బస్రా ముత్యమని అమ్మినప్పుడే గొడవ.

ఈ గొడవ మనది మాత్రమే కాదు. 1917లో ఫ్రెంచి నగల వ్యాపారి పియర్ కార్తియే రెండు పేటల సహజ ముత్యాల హారం ఇచ్చి న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో ఏకంగా ఒక భవనమే తీసుకున్నాడు. హారం ఖరీదు పది లక్షల డాలర్లు కట్టారు. తర్వాత జపాన్ నుంచి మికిమోతో అనే వ్యాపారి పెంపకపు ముత్యాలు ప్యారిస్‌కు చేరాయి. అవి నకిలీలని అక్కడి వర్తకులు కోర్టుల దాకా వెళ్ళినా ఆపలేకపోయారు. కార్తియే ఇచ్చిన హారమే దశాబ్దాల తర్వాత వేలానికి వస్తే పాత ధరలో చిన్న వంతు పలికింది. భవనం మాత్రం ఇవాళ్టికీ కార్తియే దుకాణమే. ఈ రోజు ఫ్రాన్స్‌లో పెంపకపు ముత్యాన్ని ఒట్టి 'ముత్యం' అని రాసి అమ్మడానికి వీల్లేదు, పెంచినదన్న మాట చేర్చి తీరాలి. మీరు కానుక ఇవ్వబోయే ఫ్రెంచావిడ తన దేశంలో ఆ మాట చూసే కొంటుందన్నమాట.

అందుకని కౌంటరు ముందు నిలబడ్డప్పుడు మాట ఇలా నడవాలి:

"ఇది అసలు బస్రా ముత్యం మేడం, పాత సరుకు."

"సరే బాబూ, బస్రా, సహజ ముత్యం అని బిల్లు మీద రాస్తారా?"

"బిల్లుకెందుకమ్మా అవన్నీ? ముప్పయ్యేళ్ళ షాపు, మా మాట చాలదా?"

చాలదు. అతని మాట శంషాబాద్ విమానాశ్రయం దాటి రాదు, బిల్లు వస్తుంది. ఏ రకం ముత్యం (మంచినీటి పెంపకం, అకోయా, సౌత్ సీ), ఎన్ని మిల్లీమీటర్లు, ఎన్ని పేటలు, బరువెంత, కొక్కెం బంగారమా, వెండా, పూత పూసిందా? ఇవన్నీ బిల్లు మీద ఉండాలి. రాయడానికి వెనకాడిన మాటకు డబ్బు ఇవ్వకండి. మంచినీటి ముత్యమని ఒప్పుకుని, ఆ ధరకే అమ్మే దుకాణం మంచి దుకాణం.

చేయవలసిన పరీక్షలు ఉన్నాయి. రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి మెల్లగా రుద్దితే, లేదా పంటి అంచున ఆనిస్తే, ముత్యం సన్నని ఇసుకలా గరగరమంటుంది. గాజు పూసో ప్లాస్టిక్ పూసో అయితే నున్నగా జారిపోతుంది. ఆ తర్వాత భూతద్దం అడిగి బెజ్జం అంచు చూడండి. నకిలీ పూసకు అక్కడే రంగు పొర పెచ్చులుగా లేస్తుంది, లోపల గాజు కనబడుతుంది. పేటలోని ముత్యాలన్నీ అచ్చు పోసినట్టు ఒకే గుండ్రం, ఒకే మెరుపు ఉండి, ధర కూడా కారుచవక అయితే అనుమానించాల్సిందే.

ఇక లైటరు వెలిగించి ముత్యాన్ని కాల్చి చూపిస్తారు, బ్లేడుతో గీకి తెల్లని పొడి రాల్చి చూపిస్తారు. చూడముచ్చటగానే ఉంటుంది. అది గాజు పూస కాదని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది, అదీ కాల్చిన ఆ ఒక్క ముత్యం గురించే. సహజమా, పెంచినదా అన్నది ఎక్స్‌రే తీసే ప్రయోగశాలలోనే తేలుతుంది. లైటరు చూసి బస్రా ధర ఇవ్వకండి.

నల్ల ముత్యాల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. పుట్టుకతో నల్లగా ఉండే తాహితి ముత్యం ఫ్రెంచ్ పాలినీసియా దీవుల సరుకు, చాలా ఖరీదు. చెరువు ముత్యానికి నల్ల రంగు అద్దితే దూరం నుంచి దానిలాగే కనిపిస్తుంది. రంగు వేసిందైతే వేసిందని రాయించుకోండి. రంగు వేసింది కొనడం తప్పేం కాదు.

దండ గుచ్చే పద్ధతి అడిగి మార్పించుకోవచ్చు. ముత్యానికీ ముత్యానికీ మధ్య పట్టుదారంతో ముడి వేయమనండి. ముడులు లేని దండ తెగితే ముత్యాలన్నీ ఒకేసారి నేల మీద ఉంటాయి. ముడులుంటే పోయేది ఒక్కటే. గంట ఆగమంటారు, ఆగండి. కానుకతో పాటు ఒక చీటీ కూడా పెట్టండి: సెంటు, హెయిర్ స్ప్రే అన్నీ అయ్యాక చివర్లో వేసుకోవాలి, ముందుగా తీసెయ్యాలి, మెత్తటి గుడ్డతో తుడవాలి, గాలాడని ప్లాస్టిక్ సంచిలో బిగించి దాచకూడదు.

బంగారం, వెండి

ఇది త్వరగా తేలిపోయే విషయం. నగ మీద మూడు గుర్తులు ఉండాలి: బీఐఎస్ ముద్ర, స్వచ్ఛత (22 క్యారెట్లకు 916), అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కింగ్ తప్పనిసరైన బంగారు నగలను హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొడితే నగ వివరాలు వస్తాయి. దుకాణంవాళ్ళ ఫోన్‌లో కాదు, మీ ఫోన్‌లో చూడండి. బరువు, రేటు, తరుగు, మజూరీ, రాళ్ళ బరువు విడివిడిగా రాయించండి. రాళ్ళను కూడా బంగారం ధరకు తూచే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. కరీంనగర్ ఫిలిగ్రీ కొంటే వెండి స్వచ్ఛత అడగండి, పెట్టెలో దూది కుక్కండి. ఆ వెండి తీగల పనితనం సూట్‌కేసు బరువుకు ఆగదు.

"జీఎస్టీ లేకుండా వేస్తాం, కచ్చా బిల్లు చాలు కదా సార్" అంటే ఒప్పుకోకండి. నగల మీద మిగిలేది 3 శాతం, పోయేది ఫిర్యాదు చేసుకునే హక్కు మొత్తం. ఫ్రాన్స్‌లో ఒకే దుకాణంలో 100 యూరోలు దాటి కొన్న ఐరోపా సమాఖ్య బయటి పర్యాటకుడికి విమానాశ్రయంలో పన్ను వాపసు ఇచ్చే ఏర్పాటు ఉంది. మన ఐజీఎస్టీ చట్టం 15వ సెక్షన్‌లో అలాంటి మాట ఉన్నా అమల్లోకి తేలేదు. "ఎయిర్‌పోర్టులో జీఎస్టీ తిరిగొస్తుంది" అని ఊరించే దుకాణంలో మిగతా మాటలు కూడా నమ్మకండి.

నిజాం కాలం నాటివి

పాత ఇత్తడి సామాను, ఉర్దూ రాతప్రతులు, కత్తి పిడులు, నాణేలు. "వందేళ్ళ పైనే సార్, నవాబుల ఇంట్లోది" అంటాడు అమ్మేవాడు. ఇక్కడ ఉన్న తమాషా గమనించండి. అతను చెప్పింది అబద్ధమైతే మీరు మోసపోయారు. నిజమైతే అది దేశం దాటకూడదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన కళావస్తువును, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు తీసుకుపోకూడదు. పాతదిలా కనిపించే కొత్త వస్తువైనా సరే, పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే ధ్రువపత్రం లేకపోతే కస్టమ్స్ దగ్గర ఆగిపోవచ్చు. ఆ పత్రం రెండు రోజుల్లో పుట్టదు. కాబట్టి ఎల్లుండి ప్రయాణంవాళ్ళు అటువైపు వెళ్ళకండి.

అదే వరసలో ఇంకొన్ని: ఏనుగు దంతం, షాతూష్ శాలువా, తాబేటి చిప్ప, పాము చర్మం. ఇవి కొనడం కూడా నేరమే. నెమలి ఈకల విసనకర్ర ఇక్కడ ఇంట్లో ఉంచుకోవచ్చు గానీ ఎగుమతి నిషేధం. ఎర్రచందనం వస్తువుల మీదా ఎగుమతి ఆంక్షలున్నాయి. చెక్క బొమ్మ కావాలంటే పొణికి కర్రతో చేసిన నిర్మల్ బొమ్మ తీసుకోండి, ఏ అధికారీ ఏమీ అనడు.

బట్ట, బిద్రీ, అత్తరు

పోచంపల్లి ఇక్కత్‌లో దారానికి ముందే ముడులు కట్టి రంగులో ముంచి తర్వాత నేస్తారు. అందుకే బట్టను తిరగేసినా రంగు అంతే గట్టిగా ఉంటుంది, బొమ్మ అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. అంచులు గీత గీసినట్టు తెగి, వెనక వైపు వెలవెలబోతే అది అచ్చు వేసిన బట్ట. పట్టైతే సిల్క్ మార్క్ చీటీ చూడండి. నన్నడిగితే ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్ళకు ఇవ్వడానికి ముత్యాలకన్నా ఇక్కత్ స్టోల్ మేలు. మెడకు స్కార్ఫ్ చుట్టుకోవడం ఒక కళ అయిన దేశమది.

బిద్రీ సామాను జింకు, రాగి కలిసిన లోహం. చేతిలోకి తీసుకుంటే బరువు తెలియాలి. నల్ల రంగు కొట్టిన అల్యూమినియం తేలిగ్గా ఉంటుంది. ఇంటికి తెచ్చాక చింతపండుతో తోమకండి, నలుపే పోతుంది. అత్తరు మణికట్టుకు రాసుకుని అరగంట ఆగి వాసన చూడండి. క్యాబిన్ సంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసా పెట్టకండి. లక్క గాజులు కావాలంటే చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌కే వెళ్ళాలి. వాటికి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఎండలో నిలిపిన కారులో వదిలితే మెత్తబడతాయి.

సందుల్లో

మీ చొక్కా మీద ఏదో పడిందని ఒకరు చూపిస్తారు. నేల మీద పది రూపాయల నోట్లు చల్లి "మీవేనా?" అంటారు. వంగి చూసేలోగా భుజం మీది సంచి ఉండదు. పత్రికల్లో 'దృష్టి మళ్ళించి చోరీ' అని వచ్చేది ఇదే. ప్యారిస్‌లో సేన్ నది ఒడ్డున దొరికిన 'బంగారు ఉంగరం' చేతిలో పెట్టేవాళ్ళది కూడా ఇదే విద్య. ఎవరేం చూపించినా సంచిని ముందుకు లాక్కుని నడవండి, చొక్కా తర్వాత ఉతుక్కోవచ్చు. నగలు కొన్నాక దుకాణం పేరున్న సంచి ఊపుకుంటూ ఇంకో నాలుగు షాపులు తిరగకండి. చివర కొని నేరుగా ఇంటికి వెళ్ళండి.

కార్డును కంటి ముందే గీకించండి. విదేశీ కార్డైతే యంత్రం డాలర్లలోనా రూపాయల్లోనా అని అడుగుతుంది. రూపాయలే నొక్కండి.

విమానాశ్రయంలో

ముత్యాలు, నగలు చేతి సంచిలోనే. ఇక్కడ ఉండేవాళ్ళు నగలతో విదేశాలకు వెళ్ళి మళ్ళీ తెచ్చుకునేటట్టయితే బయల్దేరేటప్పుడే కస్టమ్స్ కౌంటరులో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు మీ నగ మీదేనని నిరూపించే కాగితం అది. అటువైపు దిగాక కూడా పరిమితులున్నాయి. విమానంలో ఫ్రాన్స్ చేరేవాళ్ళకు 430 యూరోలు, అమెరికాలో నివాసముండి తిరిగివెళ్ళేవాళ్ళకు 800 డాలర్లు. అంతకు మించితే చెప్పి సుంకం కట్టండి. విలువ తక్కువ వేసిన రెండో బిల్లు ఇస్తామని దుకాణంవాళ్ళే అంటారు, పుచ్చుకోకండి. రేపు ఆ హారం పోతే బీమావాళ్ళు నమ్మేదీ ఆ దొంగ బిల్లునే.

వస్తువు నకిలీ అని తేలితే ముందు దుకాణానికి రాతపూర్వకంగా తెలపండి, తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆన్‌లైన్ చెల్లింపులో మోసమైతే 1930కి వెంటనే చేయాలి, ఆలస్యమైన కొద్దీ డబ్బు ఖాతాలు మారుతుంది. సంచి పోతే 112. థర్మల్ కాగితం మీది బిల్లు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది కాబట్టి కౌంటరు దగ్గరే ఫొటో తీసి, ఇక్కడున్న పిన్నికి కూడా ఒకటి పంపించండి. మీరు లియోన్‌లో ఉండగా ఫిర్యాదు పట్టుకుని జనరల్ బజార్‌కు వెళ్ళాల్సింది ఆవిడే.