నడిమి అంతస్తు: కొలిచి చూచిన కొన్ని సంగతులు

గ్రంథాలయపు హాలులో స్థలము చాలుట లేదన్న మాట వచ్చినప్పుడు, "మధ్యలో ఒక అంతస్తు వేస్తే సరిపోదా?" అని ఒక విద్యార్థి అడిగినాడు. కళాశాల సంఘము వారును ఆ ఆలోచనను త్రోసిపుచ్చలేదు. మేము తెలుగు బోధించువారమే గాని ఇంజనీర్లము కాము. అయినను ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. ఒక ఆదివారము కొలతల టేపు పట్టుకొని హాలులోనికి పోయినాము.

ముందుగా మాట సంగతి. మెజ్జనైన్ అను ఇంగ్లీషు మాట ఇటాలియన్ నుండి వచ్చినది. దాని మూలమైన లాటిన్ శబ్దమునకు మన 'మధ్య' దూరపు చుట్టమే. ఉర్దూ శాఖ మిత్రులు దీనికి దగ్గరగా 'దుఛత్తీ' అందురు, రెండు కప్పులు గలదని. మనకు అటక ఉన్నది, తడ దాటగానే తమిళులకు పరణ్ ఉన్నది. కాని అటక వేరు, నడిమి అంతస్తు వేరు. అటక మీద ఊరగాయ జాడీలు, పాత పెట్టెలు ఉండును. మనిషి వంగి ఎక్కి, పని చూచుకొని దిగును. నడిమి అంతస్తు మీద మనిషి నిటారుగా నిలువవలె, కూర్చుండి చదువవలె. అది క్రింది గదిని పూర్తిగా కప్పివేయదు; దానిపైకి తెరుచుకొని, దానిలో భాగముగానే ఉండును. శ్రీసిటీ వైపున్న ఎత్తైన కర్మాగారపు షెడ్లను చూచిన విద్యార్థులకు ఇది ఊహించుట కష్టము కాదు. చెన్నైలో 1896లో తెరచిన కన్నెమరా గ్రంథాలయపు పాత హాలులో మీది పుస్తకాల వరుస గోడల వెంట వసారా వలె సాగును. రైలెక్కి పోయి చూడదగిన హాలు.

ఇక ఎత్తు. జాతీయ భవన నిర్మాణ నియమావళి (2016) ప్రకారము నడిమి అంతస్తుకు కనీసము 2.2 మీటర్ల ఎత్తు ఉండవలె. విద్యాలయపు గదులకు చలి ప్రాంతములలో తప్ప 3.6 మీటర్లు చెప్పినారు. నడుమ వేయు పలకకును దూలములకును పావు మీటరైనను పట్టును. మూడును కలిపిన 6 మీటర్లు దాటును, అనగా దాదాపు 20 అడుగులు. మన హాలు నేల నుండి కప్పు దాక 18 అడుగులు మాత్రమే. మేము రెండుమార్లు కొలిచినాము. రెండవమారు టేపు పట్టిన విద్యార్థి మొగము మొదటిమారు కంటె చిన్నబోయినది.

"మనుషులు వద్దు, పుస్తకాలు పెట్టుదము, వాటికి తల లేదు గదా" అని మరొక సలహా వచ్చినది. ఇక్కడనే చాలమంది పొరబడుదురు. భవనముల లెక్కలో తరగతి గది నేల మోయవలసిన బరువు చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు. గ్రంథాలయపు బీరువాలుండు గదికి అది 600 కిలోలు, బీరువాలు 2.2 మీటర్లు దాటిన కొద్దీ ఇంకను పెరుగును. మన హాలు 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. అందులో మూడవ వంతు, 600 చదరపు అడుగులు, నడిమి అంతస్తు వేసితిమనుకొందము. తరగతికైతే అది సుమారు 17 టన్నులకు, పుస్తకాలకైతే 33 టన్నులకు తగినట్లు కట్టవలె. పిల్లలు గంట కొట్టగానే దిగిపోవుదురు. పుస్తకాలు రాత్రింబవళ్లు అక్కడనే ఉండును.

స్తంభములు అడ్డము వచ్చునని, కప్పు నుండి ఇనుప కడ్డీలతో వ్రేలాడదీయవచ్చునని కూడ ఒకరు అన్నారు. 1981 జులై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఒక హోటలు హాలులో అట్లు వ్రేలాడదీసిన నడవలు కూలి 114 మంది మరణించిరి. మొదటి పటములో రెండు నడవలను ఒకే పొడవు కడ్డీ మోయవలసి ఉండెను. కట్టునప్పుడు దానిని రెండు కడ్డీలుగా మార్చి, క్రింది నడవను మీది నడవకే తగిలించినారు. దానితో మీది దూలపు బిగింపుపై బరువు రెట్టింపైనది. అడిగి లెక్క చూచుకొన్నచో తేలిపోవు పొరపాటు.

గాలి సంగతి మన ఊరిలో మరీ ముఖ్యము. వేడిగాలి పైకి పోవును గనుక మే నెలలో కప్పు క్రింద కూర్చుండువారికే అది మొదట తగులును. ఇప్పుడున్న పంకాలు సరిగా ఆ అంతస్తు వచ్చు ఎత్తుననే తిరుగుచున్నవి! పులికాట్ ఉప్పుగాలికి రంగు సరిగా వేయని ఇనుము నిలువదు. మన కిటికీ ఊచలే సాక్ష్యము. మీది భాగమును పలకలతో అడ్డుగట్టి అధ్యాపకుల గదిగా చేయవలెనన్న కోరిక మాలోను కొందరికి ఉన్నది. నియమావళి దానిని ఒప్పుకొనదు: చిన్న గదులుగా విభజింపరాదు, గాలి ఆడకుండ మూయరాదు, వంటకు వాడరాదు. మా టీ స్టవ్ ఆశయు అంతటితో తీరినది.

కనుక ఈ హాలులో వలదనియే మా మనవి. కాని తలపెట్టిన కొత్త భవనమునకు ఇంకను పునాది పడలేదు. అందులో చదువుల హాలును ఇప్పుడే 20 అడుగులకు పెంచి, నడిమి అంతస్తు బరువుకు తగిన స్తంభములను పటములోనే చేర్చి, చేతిలో పుస్తకాలతో దిగగల మెట్లకు స్థలము విడిచినచో, అంతస్తు తరువాత ఎప్పుడైనను వేసికొనవచ్చును. సంఘము వారు ఈ విషయమును అటకెక్కింపక, ఇంజనీరును పిలిచి అడుగవలెనని కోరుచున్నాము. మా కొలతల కాగితమును గ్రంథాలయపు తలుపు ప్రక్కన అంటించినాము. టేపు అటెండరు వద్ద ఉన్నది. తప్పులున్నచో విద్యార్థులు కొలిచి దిద్దవచ్చును.