కొత్త చేతికి ఏ పిస్తోలు?

2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలు పోటీలో రజతం గెలిచింది. జట్టుతో కలిసి స్వర్ణమూ సాధించింది. ఆ పోటీలో వాడేది .22 రిమ్‌ఫైర్ తూటా. కొత్తగా నేర్చుకునేవారికీ ఇదే అనువైనది. ఎందుకో చూద్దాం.

గుండు ముందుకు దూసుకుపోతే పిస్తోలు వెనక్కు తన్నుతుంది. ఇది న్యూటన్ మూడవ సూత్రం. వాయువుల వాటాను వదిలేస్తే, రెండింటి ద్రవ్యవేగాలు సమానం. .22 గుండు ద్రవ్యరాశి 2.6 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 330 మీటర్లు. పిస్తోలు 1.1 కిలోలు అనుకుందాం.

వెనక్కు తన్నే వేగం = 0.0026 × 330 ÷ 1.1 = సెకనుకు 0.78 మీటర్లు.

పిస్తోలు అర కిలోయే అయితే ఈ వేగం 1.7 మీటర్లు అవుతుంది. తన్నుకు జడిసిన చెయ్యి గుండు వెలువడకముందే అదురుతుంది, గురి తప్పుతుంది. కనుక చిన్న తూటా, చెయ్యి అలవకుండా మోయగలిగినంత బరువైన పిస్తోలు మేలు.

రిమ్‌ఫైర్ తూటాలో నిప్పురాజేసే మందు అడుగు అంచు మడతలో ఉంటుంది. ఫైరింగ్ పిన్ను తాకినచోట మందు సరిగా పరుచుకోకపోతే తూటా పేలదు, లేదా ఆలస్యంగా పేలవచ్చు. అందుచేత అంచును ప్రతిసారీ గట్టిగా కొట్టే పిస్తోలునే ఎంచుకోవాలి. అయినా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి, కనీసం 30 సెకన్లు ఆగి, శిక్షకునికి చెప్పాలి.

ప్రశ్న: పిస్తోలు 1.3 కిలోలయితే వెనక్కు తన్నే వేగమెంత?