ఐసీయూలో ఉన్నవారి ఆహారం – ఇంటివారు చేయవలసినది



యాయీరు కుమార్తె బ్రతికి లేచినప్పుడు, ఆ చిన్నదానికి ఆహారం పెట్టే సంగతి కూడా ప్రభువు ఇంటివారికి గుర్తు చేశాడని మార్కు సువార్త 5వ అధ్యాయంలో చదువుతాము. రోగి కడుపు గురించిన ఆరాటం ప్రతి ఇంటిలోనూ ఉన్నదే. వేంపల్లె, చుట్టుపక్కల పల్లెల నుండి తమవారిని కడపకో, తిరుపతికో, వేలూరుకో తీసుకుపోయి ఐసీయూలో చేర్చినవారు మమ్మల్ని ముందుగా అడిగేది ఇదే: "లోపల ఏమైనా పెడుతున్నారా? ఇన్ని దినాలు తిండి లేకపోతే ఎట్లా?" ఈ నెల పాఠంలో దీని గురించి తెలుసుకుందాము.

సెలైన్ అన్నానికి బదులు కాదు

"గ్లూకోజ్ ఎక్కిస్తున్నారు, బలం వస్తుందిలే" అని చాలామంది అనుకుంటారు. అర లీటరు గ్లూకోజ్ బాటిల్‌లో సాధారణంగా ఉండే చక్కెర 25 గ్రాములే. దానివల్ల వచ్చే శక్తి 100 కేలరీలకు మించదు, అంటే రెండు ఇడ్లీలంత కూడా కాదు. వట్టి ఉప్పునీటి సెలైన్‌లో అయితే శక్తి ఏమీ లేదు. ఇవి ఒంట్లో నీటిని నిలబెట్టడానికి, మందులు పంపడానికి మాత్రమే.

పెద్ద జబ్బు చేసినప్పుడు శరీరం తన కండను తానే కరిగించుకొంటుంది. లండన్‌లో ఐసీయూ రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పది దినాలలోనే తొడ కండరం దాదాపు 18 శాతం తగ్గింది. ఊపిరి తీయడానికి, దగ్గి కఫం తీయడానికి, లేచి నిలబడడానికి కండే ఆధారం. అందుకే ఐసీయూలో ఆహారం కూడా ఒక మందే. దానికీ మోతాదు ఉంది, వేళ ఉంది.

ముక్కు గొట్టం గురించి భయపడవద్దు

స్పృహ లేనివారికి, వెంటిలేటర్ మీద ఉన్నవారికి ముక్కు గుండా కడుపులోకి సన్నని గొట్టం వేస్తారు. దానిని రైల్స్ ట్యూబు అంటారు. "ముక్కుకు పైపు వేసినారు, ఇంక ఆశ లేదు" అని ఏడ్చేవారిని చూస్తుంటాము. నిజానికి అది అన్నం పెట్టే దారి. రక్తపోటు బాగా పడిపోయి ఉన్నా, పేగులు పని చేయకపోయినా డాక్టర్లు కొంత ఆగుతారు. అటువంటి అడ్డు లేకపోతే మొదటి రెండు దినాలలోపే ఆహారం మొదలుపెట్టడం మంచిదని నేటి వైద్యం చెబుతోంది. పేగులు ఎంతకూ పని చేయనివారికి నరం గుండా ఇచ్చే ప్రత్యేక ఆహారం ఉంది. అది సెలైన్ వంటిది కాదు.

యాభై కిలోల మనిషికి కొన్ని దినాల తరువాత రోజుకు సుమారు 1250 కేలరీలు, 60 గ్రాములకు పైగా మాంసకృత్తులు అందేటట్లు చూస్తారు. మూత్రపిండాల జబ్బు, షుగర్ ఉన్నవారికి లెక్క మారుతుంది.

మొదట కొంచెమే ఎందుకు?

కరువు చూసిన సీమ మనది. 1952లో ఇక్కడ గంజి కేంద్రాలు నడిచిన సంగతి పెద్దలు చెప్పగా విన్నాము. ఎండిన కడుపుకు ముందు గంజి, ఆ తరువాతే ముద్ద అని మన అవ్వలకు తెలుసు. 1945లో యుద్ధం ముగిసి విడుదలైన ఖైదీలలో కొందరు ఒక్కసారిగా కడుపునిండా తిని ప్రాణాలు పోగొట్టుకొన్నారు. చాలా దినాలు పస్తున్న ఒంటికి ఒకేసారి ఎక్కువ తిండి అందితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం వంటి లవణాలు పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అందుకే అటువంటివారికి ముందు బి1 విటమిన్ ఇచ్చి, లవణాలు పరీక్షిస్తూ, ఆహారం మెల్లగా పెంచుతారు.

ఇక్కడే మీ సహాయం కావాలి. రోగి మాట్లాడలేడు. అతడు ఎన్ని దినాల నుండి సరిగా తినలేదో, ఈ మధ్య ఎంత చిక్కిపోయాడో చెప్పగలిగేది మీరే. సారా గానీ బ్రాందీ గానీ తాగే అలవాటు ఉంటే అది కూడా చెప్పండి. సంఘంలో పరువు పోతుందని కొందరు దాచిపెడతారు. తాగుడు అలవాటున్నవారిలో బి1 విటమిన్ లోపం ఎక్కువ. అది తెలియకుండా ఆహారం, గ్లూకోజ్ ఇస్తే మెదడుకు హాని జరగవచ్చు. డాక్టరు అడిగేది తప్పు పట్టడానికి కాదు, ప్రాణం నిలపడానికి.

చాటుగా పెట్టవద్దు

నర్సు అటు తిరగగానే ఒక చెంచా టెంకాయ నీళ్ళో, రసమో నోట్లో పోయడం ప్రేమతో చేసే పనే. కాని మింగే శక్తి లేనివారికి అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి టెంకాయ నీళ్ళలోని పొటాషియం గుండెకే ప్రమాదం. వెంటిలేటర్ తీసిన తరువాత కూడా మింగడం కొన్ని దినాలు బలహీనంగా ఉండవచ్చు. అప్పుడు అన్నం కన్నా పలుచని నీళ్ళే ఎక్కువగా పొలమారుతాయి. ప్రభురాత్రి భోజనపు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వాలన్నా ముందు నర్సమ్మను అడగండి. పాస్టరుగారికీ ఈ మాట చెప్పండి.

గొట్టంతో ఇంటికి వచ్చినవారికి

పక్షవాతం వచ్చిన కొందరిని ముక్కు గొట్టంతోనే ఇంటికి పంపుతారు. వారి విషయంలో ఈ జాగ్రత్తలు మరువవద్దు:

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. గొట్టం మీది గుర్తు ముక్కు దగ్గరే ఉందో లేదో చూడండి. జరిగి ఉంటే ఏమీ పోయవద్దు.
2. వీపు వెనుక దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి. పోసిన తరువాత కూడా గంటసేపు పడుకోబెట్టవద్దు.
3. వడకట్టిన ఆహారాన్ని సిరంజి గొట్టంలో పోసి, దానంతట అదే దిగనివ్వండి. బలంగా నెట్టవద్దు. ఎంత పోయాలో ఆసుపత్రిలో చెప్పినట్లే పోయండి.
4. చివర కొంచెం కాచి చల్లార్చిన నీళ్ళు పోసి గొట్టం కడగండి.
5. దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి తీసుకుపోండి. గొట్టం ఊడితే మీరే వేయవద్దు.

నోటితో తినవచ్చని డాక్టరు చెప్పిన తరువాత రాగి సంగటి ఒక్కటే చాలదు. కరిగిన కండ తిరిగి రావాలంటే దానికి తోడు పప్పు, గుడ్డు, పాలు, పెరుగు కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఒక గ్లాసు పాలలోనూ దాదాపు అంతే. ఒకేసారి పెట్టకుండా మెత్తగా చేసి, దినానికి ఐదారుసార్లు కొంచెం కొంచెం పెట్టండి.

ఐసీయూ తలుపు బయట కూర్చున్నవారు తమకు చేసేదేమీ లేదని కుమిలిపోతారు. చేసేది ఉంది. రోజుకొకసారి నర్సమ్మను ఈ మూడు ప్రశ్నలు అడగండి: ఈ దినం ఆహారం ఎంత పోయింది? కడుపు ఉబ్బరం, వాంతులు, విరేచనాలు ఉన్నాయా? మింగే పరీక్ష ఎప్పుడు చేస్తారు? జవాబులు ఒక పుస్తకంలో రాసుకోండి. మీరూ వేళకు ఇంత తినండి. రోగి ఇంటికి వచ్చిన దినాన అతనికి ముద్ద కలిపి పెట్టవలసిన చేతులు మీవే.