మాట పడిపోతే మనసు పడిపోయినట్లు కాదు



జనగామలోనైనా, మహబూబాబాదులోనైనా, భూపాలపల్లిలోనైనా పక్షవాతం వచ్చినవారి నోరు పెగలకపోతే "మాట పడిపోయింది" అంటాము. వైద్యులు ఆ ఒక్క మాటను మూడు లోపాలుగా విడదీస్తారు. ఈ తేడా ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. ఎందుకంటే పలకలేని మనిషిని తెలివిలేనివానిగా లెక్కగట్టి, పొలం సంగతి, పిల్లల పెళ్లి సంగతి అతణ్ణి అడగకుండానే తేల్చేస్తుంటారు.

మొదటిది భాషాలోపం. దీని పేరు అఫేసియా. చాలామందికి భాషను నడిపే భాగాలు మెదడులో ఎడమవైపు ఉంటాయి. ఆ వైపే శరీరపు కుడి భాగాన్ని నడుపుతుంది. కనుక కుడి చేయి, కాలు పడిపోయినవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. 1861లో ఫ్రాన్సు వైద్యుడు పాల్ బ్రోకా, "టాన్" అనే శబ్దం తప్ప దాదాపు ఏమీ పలకలేని రోగి చనిపోయాక మెదడును పరీక్షించి, ఎడమ ముందుభాగం దెబ్బతిన్నదని చూపించాడు. ఇటువంటివారు విన్నది చాలావరకు గ్రహిస్తారు, పలకడమే కష్టం. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె మరో రకాన్ని వివరించాడు. అందులో మాట ధారాళంగా వస్తుంది కాని అర్థం కుదరదు, ఇతరుల మాట బోధపడదు. అఫేసియాలో సాధారణంగా చదవడం, రాయడం కూడా దెబ్బతింటాయి.

రెండవది ఉచ్చారణలోపం, అనగా డిసార్త్రియా. ఇందులో భాష చెక్కుచెదరదు. నాలుక, పెదవులు, గొంతు కండరాలు పట్టు తప్పి మాట ముద్దగా వస్తుంది. చదువు వచ్చి, చేయి ఆడితే రాసి చూపగలరు. లూకా సువార్తలోని జెకర్యాను తలచుకోండి. ఆయనది మెదడు జబ్బు కాదు. అయినా నోట మాట లేనప్పుడు పలక అడిగి, బిడ్డ పేరు యోహాను అని రాశాడు. నోరు మూగవోయినా లోపలి భాష నిలిచే ఉంది.

మూడవది అప్రాక్సియా. బలం ఉంటుంది, మాటా తెలుసు. కాని నాలుకను ఏ వరుసలో కదపాలో మెదడు కూర్చలేదు. ఈ మూడూ ఒకరిలోనే కలిసి ఉండవచ్చు.

ఒక విషయం గమనించండి. కంఠస్థమైన పరలోక జపాన్ని అందరితో కలిసి చెప్పిన మనిషే, మంచినీళ్లు కావాలని అడగలేకపోవచ్చు. అది నటన కాదు, మొండితనం కాదు. అలవాటైన మాటలు నిలిచి, కొత్తగా కూర్చవలసిన మాటలు పోవడం అఫేసియాలో తరచు జరిగేదే.

మరి మనమేమి చేయాలి? హఠాత్తుగా మాట తడబడినా, మూతి వంకరపోయినా వెంటనే 108కు ఫోను చేయండి. రక్తపుగడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. మింగే శక్తి కూడా తగ్గి ఉండవచ్చు కనుక నోట్లో నీళ్లు, పసరు పోయవద్దు. తరువాత స్పీచ్ థెరపీ గురించి వైద్యుని తప్పక అడగండి.

ఇంట్లో టి.వి. ఆపి, ఎదురుగా కూర్చుని, చిన్న వాక్యాలలో మాట్లాడండి. అవును, కాదు అని తలతో చెప్పగల ప్రశ్నలు వేసి, జవాబుకు ఆగండి. తండాలలో లంబాడీ, తెలుగు రెండూ తెలిసినవారికి ఒక భాష ముందుగా తిరిగి రావచ్చు. కనుక రెండింటిలోనూ పలకరించండి. పాపసంకీర్తనం సైగలతోనైనా చేయవచ్చు కాబట్టి గురువును పిలవడానికి సంకోచించవద్దు.

ఇంటి విషయం ఏదైనా తేల్చేముందు వారి మంచం దగ్గరకు వెళ్లి అడగండి. మాట రాకపోయినా వారికి అభిప్రాయం ఉంటుంది.